పిట్టలకు బెట్టు మెతుకులు

మధ్యాహ్న భోజనమునకు ముందు గృహిణి యొక పిడికెడన్నము గొనిపోయి పెరటిగోడ మీద నుంచుట, కాకి వచ్చి దానిని ముట్టిన పిదప నింటివారు విస్తళ్ల యొద్ద గూర్చుండుట మన దేశమున జాల కాలము నుండి యున్న యాచారము. కోతలు కాగానే వరికంకులను జడగా నల్లి కుంచెలు గట్టి చూరునకు వ్రేలాడదీయుట గోదావరీ కృష్ణా మండలములలో నింకొక యాచారము. వాకిట బియ్యపు పిండితో ముగ్గు వేసి చీమకును బిచ్చుకకును గొంత విడిచిపెట్టుట మూడవది. ఇవి మంచి పనులు కావని చెప్పువా రెవరును లేరు. ఎవరును గాదనని పనిని గూర్చి సామాన్యముగా నాలోచింపవలసిన యవసరమును లేదు. కాని యిటీవల మహానగరములలో నీ పక్షిపోషణ యొక వివాదమై న్యాయస్థానముల దాక బోయినది. మేడల మీద గింజలు చల్లువారును, వారిని నిందించు పొరుగువారును గూడ బెరిగిరి. కావున నొక ప్రశ్న వేసికొనుట మంచిది. పిట్టకు మెతుకు పెట్టుట దానమా, ఋణము దీర్చుటయా, లేక వట్టి వినోదమా?

ఇది మాటల తగవు కాదు. దానమైనచో మనకు మిగిలినది, మనకు దోచినంత పెట్టవచ్చును. ఋణమైనచో బుచ్చుకొనువాని యక్కఱను బట్టి యీయవలయును గాని యిచ్చువాని యిష్టమును బట్టి కాదు. వినోదమైనచో దాని ఖర్చు మనమే భరింపవలయును, ఇతరుల నెత్తిని వేయరాదు.

మన పూర్వు లీ పనిని దానములలో జేర్చలేదు. గృహస్థు దినదినమును జేయవలసిన యైదు మహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. భూతములనగా బ్రాణులు. బలి యనగా నిచ్చట జంపుట కాదు, అన్నము సమర్పించుట. ఈ యైదు యజ్ఞములను విధించుటకు మనుస్మృతి మూడవ యధ్యాయమున జెప్పిన కారణము మిక్కిలి యాలోచింపదగినది. ప్రతి గృహస్థు నింటను నైదు వధస్థానము లున్నవట. అవి కటికవాని యంగళ్లు కావు; పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. ఎంతటి సాధువైనను వండుకొనక, నూరుకొనక, ఊడ్చుకొనక బ్రదుకజాలడు. ఆ పనులలో నెన్నియో చిన్నప్రాణులు నలిగిపోవును. ఆ హింసకు బ్రతిగా నీ యజ్ఞములు. అనగా నింటి యజమాని బయట నుంచిన పిడికెడు మెతుకులు పుణ్యమునకు జెల్లించిన వెల కాదు, చేసిన నష్టమునకు జెల్లించిన పరిహారము. ఈ భావ మెంత పెద్దదో దానిని దినమును వల్లించువారిలో బెక్కుమందికి దోచినట్లు లేదు. ఇల్లు గట్టుటయే యొక విధమైన యపకారమనియు, గోడ లోపలివాడు గోడ వెలుపలి ప్రాణులకు బాకీ పడినాడనియు నొప్పుకొన్న సంప్రదాయ మిది.

అదే యధ్యాయమున గొంత ముందునకు బోయినచో నీ గొప్పతనము ప్రక్కనే మఱియొకటి కనబడును. బయట నన్న మెవరికి బెట్టవలయునో చెప్పుచు స్మృతికారుడు కుక్కలను, పతితులను, చండాలురను, పాపరోగులను, కాకులను, గ్రిములను నొక్క వరుసలో గూర్చినాడు. పెట్టునపుడు మెల్లగా నేల మీద నుంచవలయునని కూడ జెప్పినాడు. మెతుకులకు దుమ్మంటకుండుటకని వ్యాఖ్యాతల తాత్పర్యము. కాకి తిను మెతుకునకు మన్నంటరాదన్న సౌకుమార్యమును, మనుష్యుని దెచ్చి కుక్కకును బురుగునకును నడుమ గూర్చుండబెట్టిన క్రౌర్యమును నొక్క శ్లోకములో నిమిడి యున్నవి. ఛాందసులు మనకు మొదటిదానిని మాత్రమే చూపుదురు. సంస్కర్తలు రెండవదానిని జూచి పుస్తకమును మూసివేయుదురు. రెండును జూడనిదే మన విషయము తేలదు. రెండవదానికి దరువాత వత్తును.

మొదట బాకీ సంగతి చూతము. స్మృతికారు డెన్నిన యైదు వధస్థానములలో రోలు మన యిండ్ల నుండి యించుమించుగా వెడలిపోయినది, సన్నెకల్లు మూలబడినది. వాని స్థానమున వచ్చినవి వేఱు. పెరడంతయు గప్పిన సిమెంటు, గోడకు బదులు నిలిపిన యద్దములు, దోమలకును జెదలకును గొట్టు మందులు, ఆకు రాలినదని నరికివేసిన చెట్టు. వీనిని మన మెవరమును వధస్థానములని పిలువము. అద్దములో నాకాశము గనబడగా నిజమైన యాకాశమనుకొని వచ్చి తలకొట్టుకొని చచ్చిన పిట్టను మఱునాడు పనిమనిషి యూడ్చివేయును. ఇంటివారికి దెలియనే తెలియదు. బాకీ పెరిగినది, చెల్లించు నాణెము మాత్రము పాత పిడికెడు మెతుకులే.

పిచ్చుకను దీసికొందము. పెంకుటిండ్లలో వాసముల సందునను, దూలము మీదను, గోడకు వ్రేలాడు పటముల వెనుకను నది గూడు కట్టెడిది. పటము వెనుక నుండి గడ్డిపోచలు రాలుచున్నను మన పెద్దలు దానిని దీసిపాఱవేయ నిచ్చెడివారు కారు. కప్పు చదునై, సందులు పూడ్చిన పిమ్మట దానికి జోటు లేదు. ఇపుడు పిచ్చుక మీద మనకు బ్రేమ పొంగుచున్నది. 2010 నుండి మార్చి 20 వ తేదీ లోకమంతట బిచ్చుకల దినము జరుపబడుచున్నది. 2012 లో ఢిల్లీ ప్రభుత్వము దానిని దన రాష్ట్రపక్షిగా జేసికొన్నది. దేశమున బక్షుల స్థితిని గూర్చి 2020 లో వెలువడిన నివేదిక ప్రకారము పిచ్చుకల సంఖ్య దేశమంతటి మీద నించుమించు నిలుకడగానే యున్నది. పెద్ద నగరములలో మాత్రము తగ్గుచున్నది. సెల్ టవరులే దానిని జంపుచున్నవను మాట జనుల నోళ్లలో నున్నంత బలముగ రుజువులలో లేదు. టవరును దిట్టుట సులభము. మన యింటి కప్పును దిట్టుకొనుట కష్టము.

అయిన నొక సంగతి రుజువైనదే. పెద్ద పిచ్చుక గింజలు తినును గాని గూటిలోని పిల్ల గింజ తిని పెరుగజాలదు. మొదటి దినములలో దానికి గావలసినవి పురుగులు. చిన్న గొంగళ్లు, పేనుబంక, ఈగలు, సాలెపురుగులు. తల్లియు దండ్రియు బొద్దు పొడిచినది మొదలు క్రుంకువఱకు వానినే తెచ్చి నోట బెట్టుచుండును. కావున దోటలోని పురుగునెల్ల మందు గొట్టి చంపి, పిమ్మట మేడమీద నూకలు చల్లువాడు తల్లికి విందుచేసి పిల్లను బస్తుపెట్టుచున్నాడు. వాని హృదయమున దయ లేదని నే ననను. ఉన్న దయ గిన్నెలోనికి జేరినది గాని మందుడబ్బా దాక బోలేదు.

ఈ సంగతిని మఱచిన జాతి యొకటి మిక్కిలి ఖరీదైన పాఠము నేర్చికొన్నది. 1958 లో చీనాదేశమున నాలుగు చీడలను నిర్మూలింపవలయునని ప్రభుత్వ మాజ్ఞాపించినది. ఈగ, దోమ, ఎలుక, నాలుగవది పిచ్చుక. అది ధాన్యము దినునని దాని మీది నేరము. జనులు గుంపులు గట్టి తప్పెటలును బళ్లెములును వాయించి పిట్టలను గొమ్మల మీద వ్రాలనీయక, అలసి నేల గూలి చచ్చువఱకు దరిమిరి. తిన్న గింజలను లెక్కపెట్టినవారు పిల్లలకై యవి యేరిన పురుగులను లెక్కపెట్టలేదు. చేలలో బురుగు పెరిగినది. 1960 లో జాబితా నుండి పిచ్చుకను దీసివేసి దానికి బదులు నల్లిని జేర్చిరి. ఆ యేండ్ల క్షామమునకు గారణములు పెక్కు. పిచ్చుకల వధ వానిలో నొకటి మాత్రమే. అయినను గింజకు మాత్రమే లెక్క వ్రాసి పురుగును మఱచుటలో నాడు పిట్టలను జంపినవారికిని నేడు గింజలు చల్లువారికిని బోలిక కలదు. ఇరువురును బిట్ట జీవితములో దమ కంట బడిన భాగమునే చూచిరి.

ఇక బెట్టు పదార్థము మాట. ఇచ్చట మన శ్రద్ధ యెంతటిదో బయటపడును. తద్దినము నాడు కాకికి బెట్టు పిండమునకు గ్రొత్తగా వండిన యన్నము గావలయును. మడి, నువ్వులు, నెయ్యి యన్నియు గావలయును. మఱునాడు మొదలుకొని యదే కాకికి గిన్నె యడుగంటిన మాడు, పులిసిన కూర, బూజు పట్టిన రొట్టె, నూనె యోడుచు మిగిలిపోయిన పకోడి. ఒకనాడు పితృదేవత, మూడువందల యఱువదినాలుగు దినములు చెత్తకుండి. మిగిలినది పాఱవేయుటకు మనసొప్పక పిట్టకు బెట్టి, పాఱవేయనందుకు బొదుపును, బెట్టినందుకు బుణ్యమును గూడ గణించుకొనుట మన యిండ్లలోని చిత్రమైన గణితము.

ఉప్పు, కారము, నూనె, చక్కెర కలిసినవి పిట్టలకు దగవు. పిడికిలిలో నిముడు శరీరమునకు మన యావకాయ యన్నములోని యుప్పు సామాన్యమైనది కాదు. వండిన యన్నము చప్పిడిగా, తడియారకముందే తినిపోవునంత కొద్దిగా నుంచినచో దోషము లేదు. వేసవిలో నది కొన్ని గంటలలోనే పులియును. నూకలు, కొఱ్ఱలు, సజ్జలు, జొన్నలు మేలు. వేరుసెనగ పప్పు మంచిదే గాని బూజు పట్టినది విషము. 1960 లో నింగ్లండున లక్ష సీమకోడి పిల్లలు కారణము దెలియకుండ జచ్చినవి. వెదకగా వానికి బెట్టిన వేరుసెనగ పిండిలో బూజు వలన బుట్టిన విషము కనబడినది. దానికే యఫ్లటాక్సినని పేరు. ఆ బూజుపప్పును దాను నోట వేసికొని యుమ్మివేసినవాడు దానినే గోడమీద బెట్టుట మన కనుదినమును గనబడును. అన్నిటికంటె నక్కఱయైనది వేసవిలో నీరు. లోతు లేని మట్టిమూకుడు, నీడపట్టు, పిల్లి పొంచి యుండుటకు దావు లేని చోటు, దినదినమును గడిగి మార్చిన నీరు. మూకుడు కడుగుటకు బద్దకించువాడు నీరు పెట్టకుండుటయే మేలు. ఏలయన నొక్క రోగిపిట్ట యెంగిలి పదింటికి జేరును.

ఈ యెంగిలి మాట నేను మడి పట్టింపుతో జెప్పుట లేదు. 2005 లో నింగ్లండున బచ్చపిచ్చుకల వంటి యొక జాతికి గొంతులో బుట్టు వ్యాధి యొకటి తగిలినది. పిట్టలు మ్రింగలేక క్రక్కిన గింజను మఱియొక పిట్ట తినుటచేతను, ఒకే నీటిపళ్లెమున ద్రాగుటచేతను నా వ్యాధి వ్యాపించినది. పెరటిలో మేత పళ్లెములు బెట్టి పక్షులను బ్రేమించుటలో నా దేశము వారికి సాటి లేరు; వారి ప్రేమయే రోగమునకు సత్రమైనది. 2021 నాటికి నా జాతి తగ్గిపోయి యపాయమున నున్నవాని జాబితాకెక్కినది. న్యూజీలండులోని యాక్లండు నగరమున రొట్టె, గింజలు పెట్టిన యిండ్లలో నేమి జరుగునో పరీక్షించి 2015 లో ఫలితములు ప్రకటించిరి. బయటి దేశముల నుండి దేబడిన పిచ్చుకలును బెళవలును బెరిగినవి. పురుగులు దిను నొక దేశీయపు బిట్ట తగ్గినది. ఎవరికి బెట్టుచున్నామో మన మెఱుగుదుము. ఎవరి పాలు తీసి పెట్టుచున్నామో యెఱుగము.

ఈ సందర్భముననే బొంబాయి పావురముల తగవు చెప్పవలసియున్నది. ఆ నగరమున గబూతరుఖానాలని పేరుగల మేత కట్టడములు కలవు. జైనులును, గుజరాతీ వర్తకులును, దక్కినవారును దరతరములుగా నచ్చట మణుగుల కొలది గింజలు పోయుచు వచ్చిరి. 2025 జూలైలో నగరపాలక సంఘము వానిని మూయింప బూనుకొన్నది. పావురముల రెట్ట యెండి పొడియై శ్వాసలో జేరినచో నూపిరితిత్తులు చెడునని వైద్యులు చెప్పుట దానికి గారణము. హైకోర్టు ప్రజారోగ్యమునే ముందుంచినది. ఆగస్టులో దాదరునందలి ఖానాపై గప్పిన పట్టాలను గోపించిన భక్తులు చించివేసిరి. జీవదయ మతమునకు బ్రాణమైన జైనుల మనోవేదనను నేను దేలికగా జూడను. ఆకలితో నున్న పావురము మతము గాని, పురపాలక నిబంధనలు గాని యెఱుగదన్న మాటయు నిజమే. కాని పుణ్యము పోసినవానికి, దగ్గు ప్రక్కయింటి ముసలివానికి నన్న లెక్క యే ధర్మమునకును సమ్మతము కాదు. దానము చేయువాడు తన సొత్తు నుండి చేయవలయును. పొరుగువాని యూపిరి మన సొత్తు కాదు.

పావురము సంగతి వేఱు, పిచ్చుక సంగతి వేఱు. పావురము మన మేడల గట్లను గొండచఱియలుగా భావించి వర్ధిల్లిన పక్షి. దానికి మన మెతుకుల యక్కఱ లేదు. దానిని గింజలతో గుంపులుగా జేర్చుట దయయే కావచ్చును గాని ఋణము దీర్చుట మాత్రము కాదు. నా మట్టుకు దోషము పెట్టుటలో లేదు, పోగు చేయుటలో నున్నది. పది యిండ్లలో బది చారెడు గింజలు వేసిన నొక పక్షికిని హాని లేదు. పది బస్తాలొక్కచోట గ్రుమ్మరించి దాని యొద్ద నిలిచి ఛాయాచిత్రము దీయించుకొనువాడు చూచువారికై పెట్టుచున్నాడు. సంతర్పణలకు నలవాటు పడిన చేతులు పిట్టల విషయమునను సంతర్పణమే చేయును.

ఇంతవఱకు జెప్పినది గృహస్థు నడవడి. ఇక నింతకంటె బెద్ద యాక్షేపణ యొకటి కలదు. మనుష్యులు పస్తులుండగా బిట్టలకు బెట్టుట యేమి న్యాయమని యడుగుదురు. ఈ ప్రశ్న వేయువారిలో బెక్కుర నెఱుగుదును. వారు పిట్టకును బెట్టరు, మనుష్యునకును బెట్టరు. పిచ్చుక తిను చారెడు నూకలతో నే పేదవాని కడుపును నిండదు. పిట్టను గసరి తరిమిన యింటినుండి బిచ్చగాని కెక్కువ భిక్ష పడినట్లు నేను జూడలేదు. ఈ రూపమున నాక్షేపణ నిలువదు.

కాని దానికి వేఱొక రూపము కలదు, అది నిలుచును. ఇదివఱకు విడిచిన శ్లోకము నిప్పుడు తలచుకొనవలయును. మన గ్రామములలో దద్దినము నాడు కాకి కొఱకు వేచియుండుట చూచినవారికి దెలియును. పిండము గోడమీద నుంచి, చేతులు జోడించి, కాకి రాకున్న బెదవులతో గూతలు కూసి, పితరులకేమి కోపము వచ్చినదో యని కలతపడి, యరగంటయైనను యింటిల్లిపాదియు నాకలితో నిలుచుందురు. అదే సమయమున నా వీధినే, కాలువ త్రవ్వి వచ్చిన మాల మాదిగలు నడువరాదని గసరిన దినములు మన తాతల నాటివే. కాకి ముట్టిన యన్నము పవిత్రము. వారి నీడ పడిన యన్నము పాఱవేయదగినది. స్మృతికారు డొక వరుసలోనైనను గూర్చుండబెట్టినాడు. మనము కాకిని బితృదేవతగా మీదికి జేర్చి మనుష్యు నచ్చటనే విడిచితిమి. మనువు కంటెను మన యాచార మొక మెట్టు క్రిందికి దిగినది.

1941 లో గుఱ్ఱము జాషువ గబ్బిలమును వ్రాసినపుడు దూతగా హంసను గాని, మేఘమును గాని యెన్నుకొనలేదు. దేవాలయములోనికి బోవుటకు దన కథానాయకునికి హక్కు లేదు. గర్భగుడి చూరున దలక్రిందుగా వ్రేలాడు గబ్బిలమునకు గలదు. మనుష్యుడు పోజాలని చోటికి బక్షులలో గూడ జేరని యా ప్రాణిచేత గబురు పంపవలసి వచ్చినది. జంతుదయను గూర్చి ప్రసంగించువా రెల్ల రొకపరి యా కావ్యపు గథను దలచుకొందురు గాక. దయగల దేశమని పేరు పొందిన దేశమున నా కథ యెట్లు సాధ్యమైనదో చెప్పుకొనవలసినవారము మనమే.

చట్టము మారినది, అంటరానితనమును 1950 లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము నిషేధించినది. అయినను గొన్ని టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి యింకను జావలేదు. చదువుకొన్న యిండ్లలో బనిమనిషికి వేఱు పళ్లెము వంటింటి గట్టు క్రింద నిప్పటికిని గలదు. ఆ యింటి మేడమీదనే పిచ్చుకలకు జక్కని మట్టిమూకుడు, కొఱ్ఱలు, వేళకు నీరు. దీనిని కపటమని ఛీకొట్టి యూరకుండుట సులభము. నాకు దోచిన కారణము వేఱు. పిట్టకు బెట్టుట యంత తేలిక యగుటకు హేతువు, పిట్ట మన పంక్తిని గూర్చుండదు. కూలి యడుగదు. తన పిల్లను మన పిల్లతో బాటు బడిలో గూర్చుండబెట్టుమనదు. మెతుకు తిని యెగిరిపోవును. మన యింటిలోని యే కట్టుబాటును గదలింపదు. మనుష్యునకు బెట్టితిమా, వా డెదుట గూర్చుండి మన వంక జూచును. నేడు పెట్టినచో ఱేపేల పెట్టవని యడుగును. కొన్నాళ్లకు బెట్టుట కాదు, నా పాలు నాకిమ్మని యడుగును. దయను గోరువానికి బెట్టుటకు మనము సిద్ధముగ నున్నాము. పాలు గోరువాడు వచ్చిన దలుపు మూయుదుము.

దీనివలన బిట్టకు బెట్టుట మానుమని నేను జెప్పబోను. అట్లు చెప్పినచో నొక యన్యాయమునకు మందుగా నింకొక లోభమును బెంచినట్లగును. పైగా గింజ తినుచున్న పిచ్చుకను గదలక చూచుట నేర్చిన పిల్లవానికి నొక గుణ మలవడును. తనది కాని ప్రాణికి దన వలెనే యాకలి, భయము, తొందర యున్నవని కంట జూచుట. బడిలో నీతిచంద్రికలోని పక్షుల సంభాషణములు చదివించి సంపాదింపలేని గుణ మది. ఆ చూపు పిట్టదగ్గఱ నాగిపోవునా, వంటింటి గట్టు క్రిందనున్న పళ్లెము దాక బోవునా యన్నది పెద్దలు దాని కేమి బదులు చెప్పుదురో దానిపై నాధారపడియున్నది. పిచ్చుకకు మూకుడెందుకు, నరసమ్మకు వేఱు పళ్లెమెందుకని యేడేండ్ల పిల్ల యడిగినపుడు తల్లి మాట మార్చినచో నా యింటి భూతయజ్ఞ మచ్చటితో ముగిసినది.

మఱియొక చపలత్వమును జెప్పి ముందునకు బోయెదను. పెరటి పిట్టలు కొన్నాళ్లకు మన పిట్టలగును. అంతట వానిలో యోగ్యులు, నయోగ్యులు నేర్పడుదురు. పిచ్చుక రావలయును, కాకి రారాదు. బుల్బులు పిట్ట ముద్దు, గోరువంక రౌడీ. ఒకనాడు డేగ వచ్చి గిన్నె యొద్ద నున్న పిచ్చుకను దన్నుకొనిపోవును. ఇంటాయన ఱాయి పుచ్చుకొని వెంటబడును. పిట్టలు నిర్భయముగ గుంపుగూడునట్లు చేసి డేగకు విస్తరి వేసినది తానే. డేగకును గూటిలో బిల్లలుండును. అర్హులైన పేదలకే దానము చేయుదుమను సంఘములవారు పేదవాని నడవడిని విచారించినట్లు మనము పక్షుల నడవడిని విచారించుచున్నాము.

గిన్నె లేకయే పక్షులను గాపాడిన యూళ్లు మన దేశమున నున్నవి. శ్రీకాకుళము జిల్లా టెక్కలి ప్రాంతమున దేలినీలాపురమను గ్రామము కలదు. గూడబాతులును, నెఱ్ఱకాళ్ల కొంగలును యేటేట వచ్చి యచ్చటి చింత మొదలగు చెట్లపై గూళ్లు గట్టి, పిల్లల కెగురుట వచ్చిన పిదప బోవును. సైబీరియా నుండి వచ్చునని యూరివారు గర్వముగ జెప్పుకొందురు. నిజమున కవి మన దక్షిణాసియా పక్షులే. సత్యసాయి జిల్లా వీరాపురమునను, గుంటూరు చెంత నుప్పలపాడునను గూడ నిట్టి కొలువులు గలవు. ఈ గ్రామస్థు లా పక్షులకు మెతుకు పెట్టరు. పెట్టిన నవి తినవు. వానికి జెరువులలో, బురదనేలలలో జేపలు గలవు. గ్రామస్థు లిచ్చునది వేఱు. చెట్టు నరుకరు, ఱాయి విసరరు, వీరాపురము వారు బాణసంచ కాల్చుట కూడ మానుకొందురు. రెట్ట వాసన భరింతురు. గూటినుండి జాఱిపడిన పిల్లను జూచికొందురు. పక్షులు వచ్చిన యేడు వానలు మంచివని వారి నమ్మకము. ఆ నమ్మకమును శాస్త్రీయము కాదని త్రోసివేయుటకు దొందరపడ నక్కఱలేదు. చెఱువు నిండిన యేడే పక్షికి దిండి యుండును, రైతునకును బంట యుండును. పక్షి శకునము జెప్పుట లేదు, నీరు జూచి వచ్చుచున్నది.

చేయి చాచి పెట్టుట కంటె జేయి ముడుచుకొని యుండుట కష్టము. పెట్టినపుడు మనకు గనబడునది పిట్ట తినుట. మానుకొన్నపుడు కనబడున దేదియు లేదు. మందు కొట్టని తోటలో నాకులకు జిల్లులు పడును. నేరేడు చెట్టు నుంచినచో నెండకాలము పొడవునను వాకిలి మరకలగును. పెరటి నొక మూల సిమెంటు వేయక విడిచినచో జూచువారు లోభమందురు. సజ్జా క్రింద రెండు పెట్టెలు బిగించి సందులుంచినచో గడ్డి రాలును. ఇవన్నియు నోర్చుకొన్నవాడు గిన్నె పెట్టినను మంచిదే, పెట్టకున్నను మంచిదే. వీనిలో నొక్కటియు నోర్వక గిన్నె మాత్రము పెట్టువానితో నాకు దగవు లేదు. తాను ఋణము దీర్చితినని మాత్ర మతడు తలపరాదు.

వాకిటి ముగ్గు సంగతి కూడ జూడుడు. ఇపుడు మార్కెట్టులో ముగ్గుపిండి యని యమ్మునది చాలవఱకు ఱాతిపొడి. తెల్లగా నుండును, చౌకగా వచ్చును, చీమ ముట్టదు. గీతలు పాతవే, చుక్కలు పాతవే. బియ్యపు పిండికి బదులు ఱాతిపొడి వచ్చినదని తెలియని పండితుడొకడు ముగ్గులోని భూతదయను గూర్చి యిప్పటికిని జక్కని వ్యాసము వ్రాయగలడు.

వరికుంచె మాత్రము నాకు వీనియన్నిటిలో నచ్చిన పద్ధతి. దానిలో నుప్పు లేదు, నూనె లేదు, పులియదు. గాలికి వ్రేలాడుచుండుటచే రెండు మూడు చిన్నపిట్టలు పట్టుకొని యూగుచు దినునే కాని పావురముల మందకు నిలువ దావు లేదు. రెట్ట నేల బడును గాని గింజ మీద బడదు. పొట్టు వలిచికొనుటకు బిట్ట శ్రమపడవలయును. కోత నాడు మంచి కంకులనే యేరి, పచ్చిపదును పోకముందే యల్లవలయును గాన మిగిలిపోయిన సరకుతో నది కాదు. దానిని గట్టు రైతు పక్షిప్రేమికుడనని యెన్నడును జెప్పుకొనలేదు. కంకి పాలుపోసికొన్న నాటినుండి చేని గట్టున డబ్బా వాయించుచు, మంచె యెక్కి యొడిసెల త్రిప్పుచు నవే పిట్టలను దరిమినవా డతడు. కోత ముగిసినపిదప నా చేతులతోడనే కుంచె నల్లి చూరునకు గట్టును. ఒకనా డొడిసెల, ఒకనాడు కుంచె యేమిటని యడిగినచో, చేనిలోనిది నా కష్టము, చూరుననున్నది దాని పాలు అనును. అని, తాటాకు దారము మఱొక చుట్టు చుట్టి ముడి బిగించును.